తొమ్మిది గుమ్మాలు

కరోనా పోయిన రెండో ఎండాకాలం, ఒక మనిషి మీద పగ తీర్చుకోవడానికి జపాన్‌లో ఒక రోజు ప్రయాణానికి ప్లాను రాశాను. ఆ ఊరిని నేను అప్పటికి కంటితో చూడలేదు. ఆ మనిషిని మాత్రం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను.

మా ఊరు చిట్యాలకు ఆరు కిలోమీటర్లు. హైవే మీదున్న జపాను వాళ్ళ ఫ్యాక్టరీలో కార్లకు రబ్బరు పైపులు చేస్తారు. అక్కడ పైపుల్లో తప్పులు పట్టే విభాగంలో నా ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. కంపెనీలో ఆ మాట ఎవరికీ అక్కరలేదు గానీ, మా బాపు ఇస్రాయేలు మాత్రం బస్సులో పక్క సీటు వాళ్ళకు ఇప్పటికీ చెబుతాడు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పైపు పగిలితే ఎందుకు పగిలిందని అడగాలి. జవాబు వస్తే దాన్ని మళ్ళీ ఎందుకని అడగాలి. అట్లా ఐదుసార్లు అడిగి, ఐదు జవాబులూ కాగితం మీద రాయాలి. పైపుకే కాదు, కంపెనీలో ఏ పట్టికలో ఏ పేరు మార్చాలన్నా ఇదే కాగితం నింపాలి.

ఏప్రిల్‌లో నోటీసు బోర్డు మీద నాతో కలిపి ఏడుగురి పేర్లు పెట్టారు. జులై నుంచి రెండు నెలలు జపాన్‌లో శిక్షణ. మధ్యలో ఒక ఆదివారం, అక్కడి పాతకాలపు ఊరొకటి చూసి రావడం. శిక్షణ చూసే మోరిత సారు నన్ను పిలిచి, "కోమలా, ఆ ఆదివారం ప్లాను నువ్వు రాయి" అన్నాడు. సాయంత్రం జపనీస్ క్లాసు ఒక్కరోజు కూడా ఎగ్గొట్టని దాన్ని నేనొక్కదాన్నే, అందుకని.

బోర్డు మీద మూడో పేరు శ్రీశైలం. మా ఊరి కిష్టయ్య పటేలు కొడుకు. కంపెనీలో లైన్ సూపర్‌వైజరు.

అంతకు రెండేళ్ళ ముందు, నా మొదటి జీతంతో బాపుకు నల్లగొండలో నల్ల బూట్లు కొన్నాను. ఆయన వాటిని మొదటిసారి వేసుకున్నది కిష్టయ్య పటేలు బిడ్డ పెళ్ళికి. మా వాడ వాళ్ళం తరతరాలుగా పటేలు పొలంలో పని చేసినవాళ్ళం కాబట్టి పెళ్ళికి అందరినీ పిలిచారు. గేటు దగ్గర శ్రీశైలం స్నేహితులతో కుర్చీలేసుకుని కూర్చున్నాడు.

"ఏందిరా ఇస్రాయేలూ, బూట్లేస్కొని వచ్చినవ్? కలెక్టరైనవా?" అన్నాడు.

స్నేహితులు నవ్వారు. బాపు కూడా నవ్వాడు.

"నవ్వుడు గాదు. ఇప్పి చేతుల పట్టుకో. మా కంపౌండు దాటినంక ఏస్కో."

బాపు వంగి లేసులు విప్పాడు. కొత్త లేసులు, తొందరగా ఊడిరాలేదు. గేటు నుంచి వెనక వంటల పందిరి దాకా, రెండు బూట్లూ రెండు చేతుల్లో పట్టుకొని నడిచాడు. ఆయన వెనకే నేను నడిచాను. నా కాళ్ళకున్న చెప్పులు విప్పమని ఎవరూ అనలేదు. నేనూ విప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళూ నన్ను తిన్నది అదే. ఆయన వట్టికాళ్ళతో ముందు నడుస్తుంటే, నేను చెప్పులతో వెనక నడిచాను.

ఆర్నెల్లకు శ్రీశైలం మా కంపెనీలోనే చేరాడు. గేటు లోపల నన్ను "కోమలగారూ" అనేవాడు. ఊళ్ళో కనబడితే "ఏ పిల్లా" అనేవాడు. ఒకే రోజు రెండూ విన్న రోజులున్నాయి.

ప్లాను ఇంట్లోనే రాసేదాన్ని. ఎండకు రేకులు కాలుతుంటే గడప మీద కూర్చొని కంపెనీ లాప్‌టాపులో ఆ ఊరి ఫోటోలు చూసేదాన్ని. కొండల నడుమ ఒకటే వీధి, రెండు పక్కలా నల్లబడ్డ కర్రతో కట్టిన ఇళ్ళు. ఊరి పేరు పలకడానికి బాపుకు నోరు తిరగలేదు. మా ఇంట్లో అది కర్రిండ్ల ఊరైపోయింది.

"ఎన్నేండ్ల కిందటియి బిడ్డా గీ ఇండ్లు?" అన్నాడు బాపు, ఫోటో మీద వేలు పెట్టి.

"రెండొందలు, మూడొందల ఏండ్లు."

"పాతిండ్లు చూసుటానికి గంత దూరం పోవాల్నా?" అని మా అమ్మ సాలమ్మ లోపల్నుంచి అరిచింది. "మన వంటింటి గోడ చూడు. అది గూడ పాతదే. టికెట్ గూడ అక్కెర్లే."

"లోపలికి పోవాలంటే బూట్లిప్పాలె బాపు. ఎంత పెద్దోడైనా ఇప్పాల్సిందే."

బాపు ఫోటో మీద నుంచి వేలు తీశాడు. "అందరా?"

"అందరు."

"అందరిప్పితె ఇగ అండ్ల చిన్నతనమేమున్నది? మనం చర్చిల ఇప్పమా?" అని లేచి గేదె దగ్గరికి పోయాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. అప్పటికి నా లెక్కంతా బూట్లు విప్పించడం మీదే ఉంది. మోరిత సారు నాలుగిళ్ళు చాలన్నాడు. నేను వెతికి వెతికి తొమ్మిది పట్టాను. అన్నిటికీ గుమ్మంలో ఎత్తు అరుగు ఉంది, అన్నిట్లోనూ బూట్లు విప్పాలి. రెండిళ్ళలోనైతే ముందు గుమ్మం ఎక్కి వెనక గుమ్మం దిగాలి. అంటే బూట్లు సంచిలో వేసి ఇల్లంతా మోసుకుపోవాలి. పొద్దున ఏడింటి రైలు, రెండు చోట్ల మారడం, మధ్యాహ్నం సేమ్యాలాంటి నూడుల్స్, సాయంత్రం ఐదింటి రైలు. ఒక్కో ఇంటికి ఇరవై నిమిషాలు. కంపెనీలో అట్లాంటి చక్కటి ప్లాను ఎవరూ రాసి ఉండరు.

మీటింగులో తెర మీద చూపించగానే రాజేశ్ అనే మా లైన్ కుర్రాడు, "తొమ్మిదిండ్లా! ఓటర్ల లిస్టు రాయనీకె పోతున్నమా కోమలా?" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా శ్రీశైలమే నవ్వాడు.

మోరిత సారు నవ్వలేదు. పోయినసారి మన దగ్గర నుంచి పోయిన జట్టు ఒక పాత ఇంటి గుమ్మంలో బూట్లు ఎట్లా పడితే అట్లా వదిలిపోయిందట. ఆ ఇంటి ముసలామె వంగి ఒక్కొక్కటీ సర్దిందట. కంపెనీ ఆమెకు క్షమాపణ ఉత్తరం రాయాల్సి వచ్చిందట. "ఈసారి ప్రతి పని ఎదురుగా ఒక పేరు ఉండాలి. టికెట్లకు ఒకరు, తిండికి ఒకరు, ఫోటోలకు ఒకరు, బూట్లకు ఒకరు. అందరూ లోపలికి ఎక్కాక ఆ ఒకరు ఆగి, బూట్ల ముక్కులు వాకిలి వైపు తిప్పి వరసగా పెట్టాలి. సంచి మోయాల్సిన చోట మోయాలి. పేర్లు కోమల రాస్తుంది."

నాకు అప్పుడర్థమైంది, బాపు సరిగ్గానే చెప్పాడని. అందరూ విప్పేది శిక్ష కాదు. కానీ అందరివీ ఒక్కడే ముట్టాలి.

టికెట్లకు నా పేరు రాశాను. తిండికి నవనీత, ఫోటోలకు రాజేశ్. బూట్లకు శ్రీశైలం. ప్రింటు తీసి బోర్డుకు పిన్ను గుచ్చాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో శ్రీశైలం నా ఎదురుగా ప్లేటు పెట్టి కూర్చున్నాడు. ముందు చుట్టూ చూసి, తర్వాత గొంతు తగ్గించాడు.

"ఏందే, కావాలని పెట్టినవు గదా?"

"కంపెనీల ఏందే అనొద్దు సార్. కావాలనే పెట్టిన."

ఒప్పుకుంటానని అతను అనుకోలేదు. "ఎందుకు?"

"మీ అక్క పెండ్లి నాడు, మీ గేటు కాడ. మా బాపు బూట్లు."

అతను నిజంగా గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. నుదురు ముడిచాడు, కళ్ళు పక్కకు తిప్పాడు. నేను మొత్తం చెప్పాను, కలెక్టరన్న మాటతో సహా.

"అవునా? తాగి ఉంటి. గా ముచ్చట నాకు యాదికే లేదు."

అబద్ధమాడితే పోనిచ్చేదాన్నేమో. అతను అబద్ధం చెప్పడం లేదు.

"మాకున్నది సార్" అని ప్లేటు తీసుకుని లేచాను.

ఆ పని ఎంత ప్రమాదమో నాకు తెలియక కాదు. మేము దున్నే మూడెకరాల చెలక కిష్టయ్య పటేలుది. పదకొండేళ్ళ నుంచి కౌలుకు చేస్తున్నాం. కాగితం లేదు. ప్రతి ఏడూ రోహిణి కార్తెలో బాపు వాళ్ళ గేటు దగ్గర నిలబడితే పటేలు "దున్నుకో" అంటాడు, అంతే. ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో పత్తి గింజలు, ఎరువు, గేదెకు గడ్డి అన్నీ నడిచేవి. ఆ ఏడు ఆ మాట ఇంకా అనలేదు.

అనడానికి బదులు పటేలే మా ఇంటికి వచ్చాడు. నాకు తెలిసి మా వాడలోకి ఆయన రావడం అదే మొదటిసారి. పొద్దు గుంకకముందే బండి చప్పుడు విని ఇరుగుపొరుగు వాళ్ళు తలుపుల్లోకి వచ్చారు. బాపు పరుగెత్తి వాకిట్లో కుర్చీ వేశాడు. పటేలు కూర్చొని పంచె సర్దుకున్నాడు. బాపు గడప మెట్టు మీద కూర్చున్నాడు.

"చాయ్ పెట్టాల్నా పటేలా?" అంది అమ్మ.

"వద్దు, గిప్పుడే తాగొచ్చిన." ఆయన నా వైపు చూశాడు. "ఏ పిల్లా, జపాన్ లిస్టు రాసేది నువ్వేనట గదా. గా బూట్ల పని మావోనికి పెట్టినవట. తీసెయ్యి. ఇంకెవలకన్న ఇయ్యి."

"మార్చొచ్చు పటేలా. కాగితం నింపాలె."

లోపలికి పోయి సంచిలోంచి కాగితం, పెన్ను తెచ్చాను. పటేలు ఎదురుగా, బాపు పక్కన మెట్టు మీద కూర్చొని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. అమ్మ నా భుజం గిల్లింది. నేను కదల్లేదు.

"ఐదు గీతలుంటయి. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్త. మొదటిది. ఎందుకు మార్చాలె?"

"వానికి ఇష్టం లేదు."

రాశాను. "ఎందుకు ఇష్టం లేదు?"

"బూట్లు ముట్టుడు ఏం పని? మా ఇంట్ల ఎవ్వలు చెయ్యలే."

రాశాను. "ఎందుకు చెయ్యలే?"

"ఎందుకేందే? మాకు చేసేటోళ్ళుండిరి."

రాస్తుంటే పెన్ను ఒకచోట ఆగింది. సిరా రావడానికి కాగితం అంచు మీద రెండు గీతలు గీశాను. బాపు అప్పటిదాకా నేల చూస్తున్నాడు. తలెత్తాడు.

"నాలుగోది పటేలా. వాళ్ళే ఎందుకు చేసిండ్రు?"

పటేలు నన్ను కాదు, బాపును చూశాడు. బాపు చూపు తిప్పుకోలేదు. పక్కింటి లక్ష్మీనర్సమ్మ తలుపు దగ్గర మనవణ్ని చంకనెత్తుకుని కదలకుండా నిలబడింది.

"చదువుకున్నవని నోరు లేస్తాంది."

"నాలుగోదానికి గదే రాయాల్నా?"

పటేలు లేచాడు. "ఇస్రాయేలూ, దుక్కి మొదలువెట్టకు. చెప్తున్న."

బండి మలుపు తిరిగింది. తర్వాత అమ్మ మొదలుపెట్టింది. పదకొండేళ్ళు ఆ చెలకలో తానేరిన రాళ్ళు, మోసిన పెంట, ఒకటీ విడిచిపెట్టలేదు. "నీకు నెల కాంగనె జీతమొస్తది. మాకేమొస్తది? ఒక్క పేరు కొట్టేస్తె పోయేదానికి..."

మృగశిర కార్తె పుట్టింది. మొదటి వాన పడ్డ రెండో రోజు, ఊళ్ళో కిరాయికి దున్నే గాలయ్య ట్రాక్టరు ఆ మూడెకరాల్లో దిగింది. దిగింది పటేలు మాట మీదే. కౌలు వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. ట్రాక్టరు చప్పుడు మా ఇంటికి వినబడుతుంది. అమ్మ ఆ రోజు వండలేదు. బాపు గడప మీద కూర్చొని, ట్రాక్టరు ఏ సాలు దగ్గర మలుపు తిరుగుతున్నదో చప్పుడును బట్టి చెబుతున్నాడు. "గట్టు కాడికొచ్చింది... గిప్పుడు మల్పిండు... ఆడ రాయున్నది, నాగలి ఇరుగుతది, చెప్పినోడు లేడు."

నేను లోపలికి పోయి ఆ కాగితం తీశాను. నాలుగో గీతా ఐదో గీతా ఖాళీగానే ఉన్నాయి. పట్టిక ప్రింటు కూడా తీశాను. శ్రీశైలం పేరు కొట్టేసి నా పేరు రాసుకుంటే సరిపోతుంది. కారణం ఏదో ఒకటి అల్లవచ్చు. మరుసటి సోమవారమే కంపెనీలో ఆ ఆదివారం ప్రయాణానికి రిహార్సల్ ఉంది. పటేలుకు కబురు పంపితే చెలక కాకపోయినా ఇంకో తుక్డా భూమి అయినా ఇస్తాడేమో.

బాపు వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు గానీ కొట్టేయడానికి పెట్టిన పెన్ను తెలుస్తుంది.

"ఎవరి పేరు రాస్తున్నవ్?"

"నాదే బాపు."

"ఎందుకు?"

ఆయన నా పక్కన నేల మీద కూర్చున్నాడు. బయట ట్రాక్టరు మళ్ళీ మలుపు తిరిగింది.

"గా పెండ్లి నాడు నువ్వు నా ఎనక నడిచినవు గదా" అన్నాడు. "పందిరి దాకా నాకొకటే భయం బిడ్డా. నన్ను చూసి నువ్వు గూడ చెప్పులిప్పుతవేమోనని. ఎనకకు తిరిగి చూడనీకె ధైర్యం రాలే. చెవులు పెట్టి ఇన్న. టపటప నీ చెప్పుల చప్పుడు ఇనబడ్తనే ఉన్నది. గా చప్పుడుతోనే నడిచిన. లేకుంటె ఆడనే కూలవడేటోన్ని."

నేను తల ఎత్తలేకపోయాను.

"గా పేరు అట్లనే ఉండనియ్యి. హైవే మీది నర్సరీల మనిషి కావాలన్నరు. రేపు పోతున్న." అని అమ్మను పిలిచాడు. "సాలమ్మా, పొయ్యి ముట్టియ్యి. ఆకలైతాంది."

అమ్మ వెంటనే లేవలేదు. కొంచెం సేపయ్యాక గిన్నెల చప్పుడు వినబడింది. ఆ తర్వాత రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

సోమవారం పొద్దున శిక్షణ గదిలో రిహార్సల్. ఆ గది గుమ్మంలో మోరిత సారు ముందే కర్ర అరుగు వేయించాడు. రిహార్సల్‌కు రానివాడి పేరు జపాన్ జాబితాలోంచి తీసేస్తామని శుక్రవారమే నోటీసు పెట్టారు. శ్రీశైలం రాడనే అనుకున్నాను. తొమ్మిదికి రెండు నిమిషాలుండగా వచ్చాడు. వాళ్ళ నాయనకు పరువు కావాలి, అతనికి జపాన్ కావాలి. తెల్లారేదాకా ఇద్దరూ కొట్లాడుకున్నారని తర్వాత రాజేశ్ చెప్పాడు.

ఆ పొద్దున కూడా వాన పడింది. మా వాడ నుంచి రోడ్డు దాకా బురదే. కంపెనీ గేటు పక్కన నల్లా ఉంది, బూట్లు కడుక్కోవచ్చు. అందరూ కడుక్కున్నారు. నేను కడుక్కోలేదు.

ఒక్కొక్కరం విప్పి అరుగెక్కాం. నేను చివర ఎక్కాను. శ్రీశైలం కింద ఉండిపోయాడు. గొంతుక్కూర్చొని రాజేశ్ బూట్లు తిప్పాడు, నవనీత చెప్పులు తిప్పాడు, ఒక్కొక్క జతా వరసలో పెట్టుకుంటూ వచ్చాడు. నా జత దగ్గర ఆగాడు. ఎర్రమట్టి మడమల దాకా పట్టి ఉంది. రెండు వేళ్ళతో ఒక బూటు అంచు పట్టుకున్నాడు.

"రెండు చేతులతో" అన్నాడు మోరిత సారు, మామూలుగా, పైపు ఎట్లా పట్టుకోవాలో చెప్పినట్టు. "ఇంటివాళ్ళు చూస్తుంటారు."

శ్రీశైలం రెండో చేయి కూడా వేశాడు. ఎత్తి, తిప్పి, ముక్కులు వాకిలి వైపు పెట్టాడు. మడమలు కలిపి సమంగా జరిపాడు. అరచేతులకు మట్టి అంటింది. చొక్కాకు తుడుచుకోబోయి ఆగి, చేతులు శరీరానికి దూరంగా పట్టుకొని లేచాడు. మోరిత సారు వరసను ఒకసారి చూసి, బాగుందని తల ఊపి లోపలికి పోయాడు. అందరూ ఆయన వెంట పోయారు.

నేను అరుగు మీదే ఉన్నాను. అతను కింద ఉన్నాడు.

"ఖుషేనా గిప్పుడు?" అన్నాడు, పళ్ళ సందున.

"గిది రిహార్సలే సార్" అన్నాను. "ఆడ తొమ్మిదిండ్లున్నయి."